కాశమ్మ పెద్ద పూలు

మా పెరట్లో మల్లె విరగబూసిన ఏడాది పక్కింటి కాశమ్మకు ఒక అంటు తీసుకుపోయాను. ఆ ఇంట్లోకి వాళ్లు కొత్తగా వచ్చారు. పెరడంతా బోడిగా ఉంది, ఇస్తే సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ఆ అంటును చేత్తో తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"గీ చిన్న పూలు నాకెందుకు ఆనందమ్మా? పెద్దయి ఉంటె ఇయ్యి. గింతంత ఉండాలె," అని అరచెయ్యి విప్పి చూపించింది.

నాకు ఒళ్లు మండింది. మా నారాయణఖేడ్‌లో మల్లె అంటును వద్దన్న ఆడమనిషిని అంతకుముందు నేను చూడలేదు. పైగా ఆ అంటును పోషించడానికి నేను పడిన తిప్పలు నాకే తెలుసు. అంటు పట్టుకుని ఇంటికొచ్చి, సాయంత్రం దాకా మా ఆయన మీద విసుక్కుంటూ కూర్చున్నాను.

అసలు సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. మీకు మాత్రం ముందే చెప్పేస్తాను, లేకపోతే ఆమె చేసిన పనులు నాకు కనిపించినట్టే మీకూ పిచ్చిగా కనిపిస్తాయి. కాశమ్మ కళ్లకు పొర వచ్చింది. ఆ ఇంటికి వచ్చేనాటికే మనుషుల ముఖాలు ఆమెకు మసకమసకగా ఉండేవి. గొంతుని బట్టి మనిషిని పోల్చుకునేది. అంత అవస్థలో ఉండి కూడా ఆ మాట కొడుకుకు చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. చెబితే దవాఖానకు తీసుకుపోయి కన్ను కోయిస్తారని భయం. నాగల్‌గిద్దలో ఉండే వాళ్లక్కకు ఇలాగే పొర వస్తే, జాతరకు వచ్చిన కళ్ల వైద్యుడొకడు సూది పెట్టి తీస్తానని ఉన్న చూపు కాస్తా పోగొట్టాడు. పాపం, ఆమె బతికినన్నాళ్లూ గోడ పట్టుకుని నడిచింది. అది కళ్లారా చూసిన కాశమ్మ, మసక చూపైనా ఫరవాలేదు, కత్తి మాత్రం తగలకూడదని గట్టిగా అనుకుంది.

అందుకే ఆమెకు పెద్ద పూలు కావాలి. పెరట్లో తోవ తెలియాలంటే దూరం నుంచి కనిపించే రంగు ఏదో ఒకటి ఉండాలి. పాత ఇల్లయితే కాళ్లకే అలవాటు ఉండేది. ఇది కొత్త ఇల్లు.

ఆ పెరడు కూడా అంత మంచిది కాదు. వెనక తలుపు తీస్తే ఎడమ చేతి వైపు స్నానాల బండ, కుడి చేతి వైపు చేదబావి, రెండింటికీ నడుమ మనిషి నడిచేంత తోవ. ఇంటివైపున ఆ బావి గోడ కూలి ఉండేది. పాత యజమానులు పూడిక తీయించినప్పుడు పడిపోయిందట, మళ్లీ కట్టించలేదు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. కాశమ్మ కొడుకు మొగులప్ప తాపీ మేస్త్రీ. పట్నంలో పెద్దవాళ్ల మేడలకు గోడలు లేపుతాడు. తన బావి గోడ దగ్గరికొచ్చేసరికి, "ఈపారి వచ్చినప్పుడు కడతా," అనేవాడు. వచ్చినప్పుడల్లా మాంసం తిని, నిద్రపోయి, బస్సెక్కేవాడు.

నేను అలిగానే కానీ ఎక్కువ కాలం అలగడం నాకు చేతకాదు. మా చర్చి ఆవరణలో పాతకాలపు దొరసానులు వేసిన మెట్టతామర గుంపులు గుంపులుగా ఉండేది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ దుంపలు కొన్ని, పూలతో సహా తెచ్చి కాశమ్మకు ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు. ముందు పరీక్ష పెట్టింది.

"ఆ పువ్వు వట్టుకోని జర గోడ కాడికి పొయ్యి నిలవడు."

నిలబడ్డాను. ఎర్రది చూపించమంది. పసుపుది చూపించమంది. పైకెత్తమంది, దించమంది. ఎర్రటెండలో నేను పూలు పట్టుకుని నిలబడితే, ఆమె గుమ్మంలో కూర్చుని తల అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి తీర్పు చెప్పింది. ఎర్రదీ పసుపుదీ ఉండనిమ్మంది. ఇంకోసారి మా బంధువుల ఇంటినుంచి తెచ్చిన తెల్ల మందారం చూపిస్తే మొహం చిట్లించింది.

"తెల్లది సున్నం గోడల కలిసిపోతది, వద్దు."

ముదురు ఊదారంగు సీతజడ చూపిస్తే అదీ వద్దంది, నీడలో నల్లగా ఉంటుందట. పచ్చగన్నేరు మాత్రం తనే అడిగింది. ఆ కాయ తింటే పసిపిల్లలకు ప్రాణం మీదికొస్తుంది, ఇంట్లో పాకే పిల్లను పెట్టుకుని అదెందుకని నేను గట్టిగా కసిరాను. మనవరాలి పేరెత్తగానే ఇంకో మాట లేకుండా మానుకుంది.

అలా ఏరి ఏరి ఆ పెరట్లో మొక్కలు వేసింది. స్నానాల బండ పక్కన రెక్క మందారం పెట్టింది. దాని పూలు అరచెయ్యంత ఉంటాయి, నెత్తురంత ఎరుపు. నీళ్లు పారే కాలువ పొడుగునా మెట్టతామర వేసింది. వీధి వాకిలి మీదికి కాగితం పూల తీగ ఎక్కించింది, వీధి మొదట్లో నిలబడినా ఇల్లు ఇదేనని తెలియాలని. మేమంతా షోకు అనుకున్నాం. పట్నంలోని పెద్ద పూలతోట పేరు కలిపి, వీధిలో ఆమెకు బాగేఆమ్ కాశమ్మ అని పేరు పెట్టింది నేనే. ఆ పేరు విని ఆమె ముసిముసిగా నవ్వేది.

బియ్యం కడిగిన నీళ్లు, ఒళ్లు కడుక్కున్న నీళ్లు, అన్నీ ఆ మొక్కలకే. వానలు మొహం చాటేసిన సంవత్సరంలో కూడా ఆ పెరడు ఎర్రగా, పచ్చగా ఉండేది. కాశమ్మ మనవరాలు ఇంద్రను చంకనేసుకుని, మందారం ఎరుపు కేసి చూస్తూ, నిదానంగా బండ దగ్గరికి వెళ్లేది. ఎరుపు ఉన్న వైపు నడిస్తే బండ, లేని వైపు బావి. ఆమెకు తెలిసిన తోవ అంతే.

ఎనభైల నడుమ ఒక కరువు సంవత్సరం. బతుకమ్మ పండుగ వచ్చింది కానీ బీళ్లల్లో గునుగు లేదు, తంగేడు లేదు. మనూర్ దాకా పోయి వెతికినా తట్ట నిండడం లేదని ఆడవాళ్లంతా పరేషాన్‌గా ఉన్నారు. కాశమ్మ కోడలు నీలమ్మ సిర్గాపూర్ పిల్ల, పండుగంటే ప్రాణం. ఆ సాయంత్రం మొగులప్ప పట్నం నుంచి వస్తున్నాడు కూడా. ముందురోజు అత్తను అడిగింది.

"అత్తమ్మా, రేపు మన పెరట్ల పూలన్ని తెంపుకుంటనే. వీధిల మన బతుకమ్మనే పెద్దగుండాలె."

బతుకమ్మకు పూలు ఇవ్వనని అనడానికి మా వైపు ఏ ఆడదానికి నోరొస్తుంది? కాశమ్మకూ రాలేదు. తెంపుకో బిడ్డా, అంది. కోడలు పూలు తెంపేలోపు లేచి స్నానం ముగించుకుని, ఆ రోజంతా ఇంట్లోనే కూర్చోవచ్చని లెక్క వేసుకుంది. కానీ పండుగ సంబరంలో నీలమ్మకు నిద్ర పట్టలేదు. అత్తకన్నా ముందే లేచింది. మందారం మొత్తం దులిపేసింది. ఎర్ర మెట్టతామర కంకులన్నీ కోసింది. తట్ట నింపి, నీళ్లు చిలకరించి, వాడిపోకుండా చల్లగా ఉంటుందని బావికి అవతలివైపు గోడ మీద పెట్టి, కాగితం పూలు కోయడానికి వీధి వాకిలికి వెళ్లింది.

నేను మా పెరట్లో ముఖం కడుక్కుంటున్నాను. మా రెండిళ్ల నడుమ నడుమెత్తు గోడ. కాశమ్మ తంబిగ చెంబు చేత పట్టుకుని బయటికొచ్చింది. ఆ రోజు పిల్ల ఇంకా నిద్రలేవలేదు. గుమ్మంలో ఆగి, తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత తల ఎత్తుకుని, ఏ తడబాటూ లేకుండా, కుడి వైపుకు నడిచింది. ఆగుతుందిలే అనుకున్నాను. నీళ్లు చేదడానికేమో అనుకున్నాను. కానీ చేద తాడు కోసం చెయ్యి చాచలేదు. అవతలి గోడ మీది ఎర్ర తట్ట వైపే చూస్తూ, కూలిన గోడ సందులోకి నేరుగా నడుస్తోంది.

"అక్కా! ఆగు! బావి!"

నా గొంతు మీద నాకు ఎప్పుడూ అంత గర్వం లేదు, చర్చిలో పాడితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఆ రోజు మాత్రం అది పనికొచ్చింది. కాశమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. చేతిలో తంబిగ జారి, సందులోంచి దొర్లి లోపల పడింది. నీళ్లు అడుగంటిన బావి. చప్పుడు రావడానికి కొంచెం సేపు పట్టింది.

ఆ గోడ ఎలా దూకానో నాకు తెలియదు. చీర చిరిగిందని సాయంత్రం చూసుకున్నాను. పోయి ఆమెను గట్టిగా వాటేసుకుని వెనక్కి లాగాను. ఇద్దరం మట్టిలో కూలబడ్డాం.

"పువ్వు గక్కడున్నది గద, ఆనందమ్మా. ఎర్రగ కనబడ్డది గద."

"కంటి ముందర బావి ఉన్నదక్కా! కనబడలేదా?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు కనబడ్తలేదే. ఎవ్వలకు చెప్పకు. కోయిస్తరు. మా అక్క లెక్కనే ఉన్నది గూడ పోతది."

"చెప్పకుంటె నిన్ను బొందల పెట్టుడే అయితది," అన్నాను. అని ఊరుకోలేదు. నీలమ్మను కేకేసి అక్కడికక్కడే మొత్తం చెప్పేశాను. చెప్పినందుకు ఇప్పటికీ నాకు ఏ బాధా లేదు.

ఆ సాయంత్రం మొగులప్ప వచ్చి సంగతి విన్నాడు. మాంసం తినలేదు, నిద్రపోలేదు. తెల్లారేసరికి ఇటుకలు తెచ్చి బావి గోడ మొదలుపెట్టాడు. కళ్ల డాక్టర్లు చలికాలం వచ్చి ఇక్కడే శిబిరం పెడతారు, చూపిద్దామమ్మా అని బతిమాలాడు. కాశమ్మ ఒప్పుకోలేదు. నాతో మాటలు మానేసింది. గోడ మీదుగా నేను పలకరిస్తే, చూపు లేని మనిషి కాస్తా చెవులు కూడా లేనట్టు నటించేది. నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది.

ఆమెను ఒప్పించింది నీలమ్మే, అదీ ఒక్క మాట అనకుండా. పిల్లను అత్త చంకకు ఇవ్వడం మానేసింది. ఇంద్ర చేతులు చాచి నాయనమ్మ దగ్గరికి పోబోతే, నీలమ్మ మెల్లగా ఎత్తుకుని పక్కకు తీసుకుపోయేది. కాశమ్మ చాచిన చేతులు అలాగే కొంచెంసేపు ఉండి, మళ్లీ ఒళ్లోకి దిగిపోయేవి. నేను చూశాను, చూడలేక లోపలికి వెళ్లిపోయాను.

క్రిస్మస్‌కు మేము ఇల్లు అలుక్కుంటుంటే గోడ అవతలినుంచి పిలుపు వినిపించింది.

"ఆనందమ్మా, గా కోసే డాక్టర్లు ఎప్పుడొస్తరు?"

పండుగ వెళ్లాక బడిలో శిబిరం పెట్టారు. తరగతి గదుల్లో వరసగా మంచాలు వేశారు. ఆమెను లోపలికి తీసుకుపోతుంటే నా చెయ్యి వదల్లేదు. ఆమె సంగమేశ్వరుణ్ని తలుచుకుంది, నేను యేసయ్యను తలుచుకున్నాను. నీలమ్మ ఇద్దరినీ తలుచుకుందని తర్వాత చెప్పింది. కట్టు ఉన్నన్ని రోజులూ కాశమ్మ బల్లలా పడుకుంది, దగ్గితే కన్ను ఊడిపోతుందన్నట్టు. కట్టు విప్పి, మందపాటి అద్దాలు పెట్టారు. ఆమె కాసేపు కన్ను ఆర్పింది, నీళ్లు కారాయి, తర్వాత నా వైపు తేరిపార చూసింది.

"నువ్వేనా ఆనందమ్మవు? గొంతు ఇని తాటిచెట్టంత మనిషివి అనుకున్న. గింతనేనా?"

నేను ఏడుస్తూనే నవ్వాను. పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు. అంత నిమ్మళం నా జీవితంలో చాలా తక్కువసార్లు దొరికింది.

ఇంటికి తీసుకొచ్చాక ఆమె లోపలికి పోలేదు, నేరుగా పెరట్లోకి నడిచింది. మందారం మళ్లీ పూసి ఉంది. ఆకులు తిప్పి చూసి తిట్లు మొదలుపెట్టింది. "ఆకు ఆకుకు పురుగు పట్టింది, ఇద్దరికి కండ్లున్నయి, ఒక్కదానికి కనబడలేదా?" అని నన్నూ నీలమ్మనూ కలిపి దులిపింది. మేము తల వంచుకుని పడ్డాం. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను.

తర్వాత బావి వైపు తిరిగింది. మొగులప్ప కట్టిన కొత్త గోడకు ఇంకా సున్నం వేయలేదు, ఇటుకలు ఎర్రగా తెలిసిపోతున్నాయి. కూలింది ఏదో మూరెడు సందే అని ఆమె అనుకుని ఉంటుంది. ఇంటివైపు సగం బావి చుట్టూ కొత్త ఇటుకే. గుమ్మం నుంచి బండకు తను రోజూ నడిచి నడిచి పడిన కాలిబాట ఆ ఇటుకలకు జానెడు దూరంలో ఉంది. కాశమ్మ తిట్లు ఆగిపోయాయి. ఆ బాటను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"రోజు పిల్లను చంకల ఏసుకోని గీడికెల్లే పోయిన గద," అంది.

తర్వాత కోడలి వైపు తిరిగింది.

"నీలా, పిల్లను గుంజుకున్నవని నిన్ను మస్తు తిట్టుకున్న. మంచి పని చేసినవ్ బిడ్డా."

నీలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చంకలోని ఇంద్రను దించి, తనే తీసుకుపోయి అత్త ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల ఆ మందపాటి అద్దాలను చూసి బెదిరి, గుక్క పట్టి ఏడ్చింది. నేను తీసుకోబోతే కాశమ్మ ఇవ్వలేదు. ఆ చిన్న మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, పుట్టిన ఇన్నాళ్లకు మొదటిసారి చూస్తోంది.

"ఏడువు బిడ్డా, ఏడువు," అంది. "నీ కండ్లల్ల నీళ్లు గూడ కనబడ్తున్నయి నాకు."