వాసన చెప్పే పని

నేను బ్రిస్బేన్‌లో దిగింది చలికాలంలో. కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయమే మాకు ఉద్యోగాలిచ్చింది. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడానికి హైదరాబాదు నుంచి మా జట్టును పంపించారు. జట్టులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా కలిసి సిటీలో ఒక ఫ్లాట్ తీసుకున్నారు. నాకు వేరే గది వెతుక్కోక తప్పలేదు. సన్నీబ్యాంక్ అనే పేటలో ఇండియన్ సరుకుల కొట్టు తలుపు మీద అంటించిన కాగితం చూసి ఫోన్ చేశాను. అవతలి గొంతు ఇంగ్లీషులో మొదలై, మాది నెల్లూరు అనగానే తెలుగులోకి దిగింది.

తలుపు తీసిన ఆంటీకి అరవై దాటి ఉంటాయి. కడప ముస్లిం కుటుంబం. ఆమె భర్త ఇక్కడి స్కూళ్ళలో లెక్కల టీచరుగా చేసి, అంతకు ముందు ఏడాదే పోయారు. ఒక్కతే కూతురు, పెర్త్‌లో ఉంటుంది. నేను చెప్పులు విప్పి హాల్లోకి అడుగు పెట్టగానే ఆంటీ అడిగిన మొదటి మాట అద్దె గురించి కాదు.

"ఇంట్లో ఏమన్నా వాసన వస్తాందా మా?"

ఇల్లంతా మాడిన ఆకుల కమురు. కొత్త చోట వచ్చీ రాగానే వంక పెట్టడం బాగుండదని, "ఏం లేదాంటీ" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఎందుకో నాకు తెలియలేదు.

గది బాగుంది. కిటికీలోంచి పక్కవాళ్ళ నిమ్మచెట్టు కనిపించేది. పొద్దున రైలెక్కి ఆఫీసుకు వెళ్ళేదాన్ని, చీకటి పడే వేళకు వచ్చేదాన్ని. ఆఫీసులో నాతో ఎవరూ కటువుగా ఉండలేదు. అసలు నాతో ఎవరికీ పని పడేది కాదు, అంతే. శుక్రవారం మధ్యాహ్నాలు వెనక పెరట్లో మాంసం కాల్చే బార్బెక్యూ పొయ్యి వెలిగించి అందరూ గుంపులుగా నిలబడి నవ్వుకుంటుంటే, కాగితం పళ్ళెంలో బ్రెడ్డూ ఉల్లిపాయ ముక్కలూ పెట్టుకుని నేను ఏ గుంపు పక్కన నిలబడాలో తేల్చుకోలేక, తిన్నట్టు నటించి నా సీటుకు తిరిగి వచ్చేదాన్ని. రోజంతా నోరు విప్పకపోవడం వల్ల సాయంత్రం ఆంటీతో మాట్లాడబోతే నా గొంతు నాకే బొంగురుగా వినిపించేది.

హాల్లో భోజనాల బల్ల మీద ఒక చెక్క పెట్టె ఉండేది. ముందువైపు వేడి పెంచే, తగ్గించే మర, పైన గాజు గిన్నె, దానికి తగిలించిన సన్నటి రబ్బరు గొట్టం. వేపరైజర్ అంటారని ఆంటీ చెప్పింది. గిన్నెలో ఎండిన ఆకు వేస్తే కింది నుంచి చిన్న ఫ్యాను ఊదే వేడి గాలి తగులుతుంది. ఆకు కాలదు, కాగి వాసన మాత్రం వదులుతుంది. ఆకు జారిపోకుండా గిన్నె అడుగున ఒకటి, మీద ఒకటి గుండ్రటి ఇత్తడి జాలీలు ఉంటాయి. ఆంటీ వాటిని జల్లెడలు అనేది. ఒకరోజు పుదీనా, ఒకరోజు లవంగం, ఒకరోజు నీలగిరి ఆకు, ఒకరోజు గులాబీ రేకులు వేసి, గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. దగ్గుకో, జలుబుకో అనుకుని నేను అడగలేదు.

ఒక సాయంత్రం గదిలో ఉండగా ఘాటైన పొగ వాసన వచ్చింది. పరుగెత్తుకుని హాల్లోకి వస్తే, గిన్నెలోంచి పొగ లేస్తోంది. ఆంటీ కళ్ళు మూసుకుని గొట్టం పట్టుకుని ప్రశాంతంగా కూర్చునుంది.

"ఆంటీ, మాడిపోతోంది!" అని నేనే స్విచ్ కట్టేశాను.

ఆమె కళ్ళు తెరిచి పొగను చూసింది. చూశాకే ఆమెకు తెలిసింది.

"నాకు వాసన తెలీదు మా," అంది నెమ్మదిగా. "పెద్ద ఫ్లూ జ్వరం వచ్చి పోయింది. దాంతోపాటే ముక్కూ పోయింది. డాక్టర్లు చేసేదేం లేదన్యారు. మూలికల షాపామె ఈ మిషిన్ ఇచ్చి, రోజూ పీలుస్తాంటే ఎప్పటికన్నా తిరిగొస్తాదేమో చూడు అనింది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పేవాడు, మాడిందనీ బాగుందనీ. ఇప్పుడు చెప్పేవాళ్ళు యాడుండారు?"

మొదటి రోజు ఆమె ముఖం ఎందుకు చిన్నబోయిందో అప్పుడర్థమైంది. మాడిన ఆకును కళ్ళతో చూసే ఆమె అడిగి ఉంటుంది, నేను లేదని అబద్ధం చెప్పాను. నిజం చెప్పే ముక్కు కోసం ఆమె గది అద్దెకిచ్చింది.

గిన్నె చల్లారాక జాలీలు ఊడదీశాను. ఇత్తడి రంగే కనిపించలేదు. ఆకుల జిడ్డు ముదురు పాకంలా గడ్డకట్టి కన్నాలన్నీ మూసుకుపోయాయి. గాలి రావడం లేదని ఆంటీ వేడి పెంచుతూ పోయింది. పోను పోను ఆకు మాడింది. కెమిస్ట్ షాపులో స్పిరిట్ కొనుక్కొచ్చి, గాజు సీసాలో పోసి జాలీలు నానబెట్టాను. కాసేపటికి స్పిరిట్ టీ డికాషన్ రంగుకు తిరిగింది. పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మొండి కన్నాలను సూదితో పొడిచి, వేణ్ణీళ్ళతో కడిగి, స్పిరిట్ తడి మిగిలితే అంటుకుంటుందని మర్నాడు కిటికీలో ఎండకు పూర్తిగా ఆరబెట్టాను. పై జాలీ నిలిచింది. అడుగుది మాత్రం సూది పోటుకు చిరిగింది. మిషిన్‌తోపాటు వచ్చిన పొట్లంలో కొత్తవి ఉన్నాయి. కొత్తదాన్ని బొటనవేలితో మధ్యలో కొంచెం లోతుగా నొక్కి కూర్చోబెడితే అంచులు గాజును పట్టుకుంటాయి. కొత్త లోహానికి ఫ్యాక్టరీ నూనె అంటి ఉంటుంది కాబట్టి ఆకు వేయకుండా కాసేపు ఉత్తగా వేడి చేయాలి.

"నూనె వాసన పోయిందా?" అని ఆంటీ పక్కన నిలబడి అడిగింది. వంగి వాసన చూసి, ఇంకా ఉందన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. పోయిందన్నాను.

ఆ రోజు నుంచి ఆ పని నాది. ఆఫీసు నుంచి రాగానే ఆంటీ గిన్నెలో ఆకు వేసి నా కోసం ఎదురుచూసేది. ముందు నేను పీల్చి చెప్పాలి. ఆ తర్వాత ఆమె పీల్చేది.

"మంచి వాసన ఆంటీ."

"మంచి అంటే నాకేం తెలుస్తాది? సరిగా చెప్పు."

"పుదీనాలాగే ఉంది. కానీ పచ్చి పుదీనా కాదు. పచ్చడి నూరి కాసేపు మూత పెట్టి, మళ్ళీ తీసినప్పుడు వచ్చే వాసన."

ఆంటీ గొట్టం అందుకుని, ఆ మూత తీసిన క్షణాన్ని తలుచుకుంటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి పీల్చేది. ఏమీ రాలేదని ఆమె చెప్పక్కర్లేదు. గొట్టం బల్ల మీద పెట్టే తీరులోనే తెలిసేది. కొన్నాళ్ళకు నాకు మాటలు దొరకడం మొదలైంది. ఆఫీసులో కూర్చుని తేదీలు దిద్దుతూ, సాయంత్రం లవంగాన్ని ఎలా చెప్పాలా అని ఆలోచించేదాన్ని.

ఆంటీ ఇల్లు కదిలేది కాదు. వీధి చివర ఉండే హైదరాబాదీ కుటుంబం పిలిచినా ఏదో సాకు చెప్పేది. ఒకరోజు జాలీలు కడుగుతూ ఎందుకు వెళ్ళరని అడిగాను.

"నా ఒంటి మీద ఏం వాసనుందో నాకు తెలీదు కదా మా," అంది. "నూనె కంపో, చెమటో, ఇంకేమో. ఎవరన్నా కొంచెం జరిగి కూర్చుంటే నన్ను చూసే జరిగినారనిపిస్తాది. ఇంట్లోనే ఉంటే ఆ బాధ లేదు. వంట కూడా తగ్గించేసినా. మన్ను తిన్నట్టుంటే ఎవరి కోసం వండల్లా?"

ఆ ఏడాది కొత్త సంవత్సరం రంజాన్ నెలలో వచ్చింది. జనవరి ఒకటిన మా జట్టంతా ఆఫీసులో స్క్రీన్ల ముందు కూర్చున్నాం. ఏమీ కాలేదు. ఎక్కడా ఏదీ ఆగలేదు. మేనేజరు అందరి భుజాలూ తట్టి కేకు కోయించాడు. ఆ నెలాఖరుకల్లా మాతో పని అయిపోతుందని కేకు తింటూనే అందరికీ తెలిసిపోయింది.

కొద్ది రోజులకే రంజాన్ పండగ. ముందు రోజు సాయంత్రం ఆంటీ బిర్యానీ చేస్తానంది. నేను పొయ్యి పక్కన నిలబడి, ఉల్లిపాయలు ఎప్పుడు దించాలో, మసాలా పచ్చివాసన ఎప్పుడు పోయిందో చెప్పాను. ఆమె చేతులు, నా ముక్కు. పండగ పొద్దున తెల్లటి చీర కట్టుకుని, తల మీద దుపట్టా కప్పుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మసీదుకు పోదామనుకుంటాండా. ఏమన్నా వాసన వస్తాందా? మొహమాటపడొద్దు, నిజం చెప్పు."

ఆమె భుజం దగ్గరికి వంగాను. మా అమ్మకు కూడా అంత దగ్గరగా నిలబడి చాలా కాలమైంది.

"అత్తరు వాసన. చీరలో కొంచెం కలరా ఉండల వాసన. ఇంకేం లేదాంటీ."

"కలరా ఉండలా!" అని ఆంటీ గట్టిగా నవ్వింది. వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. వీధి చివర వాళ్ళ కారులో వెళ్ళింది.

మధ్యాహ్నానికి వస్తానన్న మనిషి సాయంత్రందాకా రాలేదు. ఆమె బయటికి వెళ్ళాలని కోరుకున్నది నేనే. అయినా ఖాళీ ఇంట్లో కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. సెలవు రోజు కాబట్టి ఆఫీసు లేదు, ఎవరి కోసమూ ఏ వాసనా చెప్పే పని లేదు. ఊరు వదిలి వచ్చినప్పుడు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. ఆంటీ తిరిగొచ్చినప్పుడు బుగ్గలు ఎర్రబడి, ఎవరెవరు కలిశారో, ఎవరు ఏమన్నారో ఆగకుండా చెప్పింది. నేను బిర్యానీ వేడి చేసి పెట్టాను. తిన్నంత సేపూ ఆమే మాట్లాడింది.

ఇక్కడ కొత్త పన్ను వస్తోందని కంపెనీలన్నీ మళ్ళీ ప్రోగ్రాములు మార్పించుకుంటున్న కాలమది. నాకు సిడ్నీలో పని దొరికింది. వెళ్ళే ముందు ఆంటీకి ఏదో ఒక దారి చూపించాలనిపించింది. పలుచని టిష్యూ కాగితం ముక్కను గొట్టం చివర పట్టుకుని చూపించాను. కాగితం రెపరెపలాడితే గాలి ఆడుతున్నట్టు. కదలకపోతే జల్లెడ మూసుకుపోయినట్టు, వెంటనే ఆపి కడగాలి.

"అంటే ముక్కుతో పని లేదన్నమాట," అంది.

"కళ్ళు చాలాంటీ."

ఆమె కాగితాన్ని గొట్టం చివర పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. మళ్ళీ రమ్మనలేదు, ఉండిపొమ్మనీ అనలేదు. స్టేషన్‌లో మాత్రం నా చెయ్యి వదలడానికి కొంచెం ఆలస్యం చేసింది.

సిడ్నీలో నా ఫ్లాటులో నేనొక్కదాన్నే. ఒకరి ఇంట్లో గది కాదు, నా పేరు మీద అద్దెకు తీసుకున్నది. ఎవరి గొంతూ వినపడని ఇంటికి తాళం తీసి వెళ్ళడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. ఆంటీకి అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని. జాలీలు తానే కడుక్కుంటున్నానని, శుక్రవారాలు మసీదుకు పోతున్నానని చెప్పేది. మాటలు త్వరగా అయిపోయేవి. గొట్టమూ గిన్నే మధ్యలో లేకపోతే మా ఇద్దరికీ ఏం చెప్పుకోవాలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఆమే ఫోన్ చేసింది.

"వాసన వచ్చింది మా! కంపు! కాఫీ తాగబోతే పెట్రోలు కంపు కొట్టింది. డోకొచ్చింది."

"కాఫీయా? పాడైపోయిందేమో ఆంటీ."

"కాఫీ బాగనే ఉందంట. కూతురు పెర్త్ నుంచి వచ్చినాది, దానికి ఇచ్చి అడిగినా. డాక్టరు కాడికి పోతే, కొందరికి ఇట్లనే తప్పుతప్పుగా తిరిగొస్తాది, అంతకు మించి రాకపోనూ వచ్చు అన్యాడు. పెట్రోలు వాసన నిజంగా ఇట్లనే ఉంటాదేమో చూద్దామని బంకు కాడికి పోయి నిలబడినా."

"వచ్చిందా?"

"ఏం రాలేదు. ఆ పిలగాడు ఏం కావాలా అని అడిగినాడు. ఏమొద్దు నాయనా అని వచ్చేసినా."

ఆంటీ నవ్వుతోంది. వెనక ఆమె కూతురు ఇంగ్లీషులో ఏదో అంటోంది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉన్నాను, కానీ ఆ కబురు చెప్పడానికి గదిలో ఎవరూ లేరు.

మర్నాడు ఆఫీసులో నా పక్క సీటతనికి చెప్పాను. అప్పటిదాకా అతనితో పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. నాకు తెలిసిన ఒకావిడకు కాఫీ పెట్రోలులా వాసన వస్తోంది, ఆవిడ చాలా సంతోషంగా ఉంది అన్నాను. అతను తల నా వైపు తిప్పాడు. ఎందుకు సంతోషం అని అడిగాడు. నా కుర్చీ అతని వైపు తిప్పుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఎవరో మీటింగుకు పిలిస్తే అతను లేచి వెళ్ళాడు. మిగతాది చెప్పే అవకాశం రాలేదు.