అత్యవసర పరిస్థితిలో ఇరుక్కున్న కరస్పాండెంట్ గారు

మాదాపూర్‌లో బండరాళ్ళు ఎక్కువా, కంప్యూటర్లు ఎక్కువా అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా బండరాళ్ళే అని చెప్పగలిగిన రోజులవి. గుండ్రటి అద్దాల భవనం ఒకటి అప్పుడే లేచింది. దాని అద్దాల్లో చుట్టుపక్కల మేకలు తమ ముఖాలు చూసుకుంటూ ఉండేవి. ఆ భవనంలో కిరాయి కట్టుకోలేని చిన్న కంపెనీలన్నీ, పెళ్ళివారింటి పక్క విడిదిలో దిగినట్టు, దాని చుట్టూ ఉన్న డాబా ఇళ్ళలో సర్దుకున్నాయి. అలాంటి ఒక డాబా పైఅంతస్తులో, పిల్లలకు పాఠాలు చెప్పే సీడీలు చేసే కంపెనీలో నేను ప్రొబేషన్ మీద ఉండేవాణ్ణి. కాకినాడ నుంచి మా నాన్నగారు రాసే ప్రతి ఉత్తరం "పర్మినెంటు అయ్యిందా" అనే మొదలయ్యేది. క్షేమ సమాచారాలు రెండో పేరాలో ఉండేవి.

మా ఎండీ గారిది గుంటూరు. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, "ఏవయ్యా, మన రాజ్యాంగం సీడీ చెయ్యాలి. పెద్ద స్కూళ్ళ కరస్పాండెంట్ గారొకరు ఆసక్తిగా ఉన్నారు. ఆయన ఊఁ అంటే ఆయన స్కూళ్ళన్నిటికీ మన సరుకే. నీ పర్మినెంటు కాగితం కూడా అందులోనే ఉందనుకో" అన్నారు. నేను అప్పటిదాకా రాజ్యాంగం ముఖం చూసిన పాపాన పోలేదు. తెరిచి చూస్తే ఏముంది, భాగాలు, భాగాల్లో అధ్యాయాలు, అధ్యాయాల్లో అధికరణాలు, చివర పన్నెండు షెడ్యూళ్ళు. ఏడో షెడ్యూలులో ఏకంగా మూడు జాబితాలు: కేంద్రానిదొకటి, రాష్ట్రాలదొకటి, ఇద్దరూ కలిసి తగువులాడుకోవడానికి ఉమ్మడిదొకటి. (జాబితాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఊరికి వెళ్ళేటప్పుడు సంచీలో పెట్టవలసిన జాబితాల జాబితా కూడా రాసుకునేవాణ్ణి.) ఇది పుస్తకం కాదు, చక్కగా రాసిన ప్రోగ్రాము, దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే తరువాయి అని ఆ పూటే తీర్మానించుకున్నాను.

సలహాదారుగా ఒక రిటైరైన సివిక్స్ లెక్చరర్ గారు వచ్చేవారు. ఆయనది సిద్దిపేట. నేను చేసిన ప్రతిదీ ఆయనకు చూపించేవాణ్ణి. ఆదేశిక సూత్రాల బటన్లు నొక్కితే "ప్రయత్నిస్తున్నాం" అనే అక్షరాలు తప్ప ఏమీ రావు, ఎందుకంటే వాటిని అమలు చెయ్యమని కోర్టుకు వెళ్ళడం కుదరదు. అది చూసి ఆయన, "మంచిగ చేసినవ్ బాబూ, గవర్నమెంటు ఆఫీసుకు పోయినట్టే ఉన్నది" అన్నారు. ప్రాథమిక విధుల బటన్ మాత్రం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాన్ని ఎవరూ నొక్కరని మా ఇద్దరికీ తెలుసు.

నా అసలు ఘనకార్యం ప్రాథమిక హక్కులు. వాటిని ఊరికే బొమ్మలుగా చూపించకుండా ప్రోగ్రాము పనిచేసే తీరులోనే కలిపేశాను. ఒక తెర నుంచి ఇంకో తెరకు తీసుకుపోయే బాణం గుర్తులన్నీ పంతొమ్మిదో అధికరణం కింద పెట్టాను, దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు అదే కాబట్టి. 'నిష్క్రమణ' బటన్ కూడా తిరగడమే కదా అని దాన్నీ అక్కడే పెట్టాను. యుద్ధం వచ్చి అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే పంతొమ్మిదో అధికరణం దానంతటదే పక్కకు తప్పుకుంటుందని చదివాను. ఆ సంగతీ ప్రోగ్రాములో ఒక్క వాక్యంలో రాసి పారేశాను. ఇంత పొందికైన వాక్యం రాసినందుకు ఆ సాయంత్రం నాకు నేనే ఇరానీ చాయ్ ఇప్పించుకున్నాను.

కరస్పాండెంట్ గారు తెల్లటి చొక్కాలో, చేతిలో సెల్‌ఫోనుతో వచ్చారు. (ఆ రోజుల్లో సెల్‌ఫోను జేబులో పెట్టుకునేది కాదు, చేత్తో పట్టుకు తిరిగేది.) ఎండీ గారు ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రవేశిక తెర వచ్చింది, ఆయన ఆవులించారు. హక్కులు వచ్చాయి, "తర్వాతండి" అన్నారు. తెరమీద రాష్ట్రపతి గది రాగానే ఆయనలో చలనం వచ్చింది. ఆ గదిలో బల్లమీద ఎర్ర బటన్ కనపడింది.

"ఇదేంటండి?"

"అత్యవసర పరిస్థితి సార్" అన్నాను.

ఆయన నొక్కారు. కారణమేమిటని తెర అడిగితే 'యుద్ధం' ఎంచుకున్నారు. మంత్రివర్గం లిఖితపూర్వకంగా సలహా ఇచ్చింది. తెరంతా ఎర్రబడింది.

"ఇప్పుడు పార్లమెంటుకు వెళ్ళండి సార్. నెలలోపు వాళ్ళ ఆమోదం కావాలి" అన్నారు ఎండీ గారు ఉత్సాహంగా.

బాణం పనిచెయ్యలేదు. రెండోసారీ పనిచెయ్యలేదు. అత్యవసర పరిస్థితిని ఎత్తివేసే బటన్ పార్లమెంటు తెరలో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే బాణం కావాలి. బాణానికి పంతొమ్మిది కావాలి. పంతొమ్మిది లేదు. పోనీ బయటపడదామంటే నిష్క్రమణ కూడా దానితోనే పోయింది. పిల్లలు మధ్యలో కంప్యూటర్‌లోని పేకాటలోకి జారుకోకుండా కీబోర్డు మీటలన్నిటికీ తాళం ఎండీ గారే వేయించారు. అంతలో కరెంటు పోయింది. దేవుడున్నాడనుకున్నాను. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి, తెర మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది. కొత్త యూపీఎస్ మా కంపెనీకి గర్వకారణం.

"ఇందులోంచి బయటికి ఎలా వస్తారండి?" అన్నారు కరస్పాండెంట్ గారు.

మూలన కూర్చున్న సివిక్స్ సారు నవ్వారు. "మా జమానాల ఇరవై ఒక్క నెలలు పట్టింది సార్ బయటికి రానీకి. మీరు అప్పుడే పరేషాన్ అయితున్నరు."

నేను సంగతి వివరించాను. అధికరణం నంబర్లతో సహా వివరించాను. సివిక్స్ సారు తల అడ్డంగా ఊపారు. "ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవుడు పంతొమ్మిది, బాబూ. దేశమే విడిచి బయటికి పోవుడు ఇరవై ఒకటి. అది వ్యక్తి స్వేచ్ఛ. ఇరవై, ఇరవై ఒకటి, ఈ రెండిటిని ఎమర్జెన్సీ గూడ ముట్టది. నీ నిష్క్రమణను తప్పు ఇంట్ల పెట్టినవ్."

అప్పుడు యూపీఎస్ ఒక మూలుగు మూలిగి ప్రాణం విడిచింది. చీకట్లో ప్రజాస్వామ్యం పునరుద్ధరించబడింది. నా ఉద్యోగం సంగతే తేలలేదు.

"సాయంత్రానికల్లా సరిచేసి పంపిస్తాడండి" అన్నారు ఎండీ గారు నావైపు చూడకుండా.

"సరిచెయ్యడం దేనికండి?" అన్నారు కరస్పాండెంట్ గారు. "నాకు కావలసింది ఇదే. పిల్లాడు కూర్చున్నాడంటే పాఠం అయ్యేదాకా లేవకూడదు. సీడీ అంతా ఇలాగే చేసివ్వండి, ఇవ్వాళే మాట ఇచ్చేస్తాను."

ఎండీ గారి ముఖం చీకట్లో కూడా వెలగడం చూశాను. నా తప్పుకు పర్మినెంటు వచ్చేలా ఉంది. కానీ ఏమైందో, నోరు నాది కానట్టు, "కుదరదండి, ఇరవై ఒకటి రద్దు కాదు" అన్నాను. (ధైర్యం అనుకునేరు. తప్పు ఇంట్లో ఉన్న అధికరణాన్ని అలాగే వదిలెయ్యడం నా వల్ల కాదు, అంతే.)

"పిల్లలకేం హక్కులు బాబూ?" అన్నారు కరస్పాండెంట్ గారు.

"ఏ వ్యక్తికైనా అని రాసిండ్రు సార్. పద్దెనిమిది నిండాలని రాయలే" అన్నారు సివిక్స్ సారు.

ఎండీ గారు కిటికీ తలుపులు తెరిచి, ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ కిటికీ వెలుతురులో జరిగిన చర్చ రాజ్యాంగ సభకు తీసిపోదు. నిష్క్రమణ ఉండాలని సివిక్స్ సారు, వద్దని కరస్పాండెంట్ గారు, ఉండీ లేనట్టుంటే ఎలా ఉంటుందని ఎండీ గారు. చివరికి ఒప్పందం కుదిరింది. నిష్క్రమణ ఉంటుంది, కాకపోతే ఆవగింజంత ఉంటుంది, అదీ అయిదు ప్రశ్నలకు జవాబు చెప్పాకే కనపడుతుంది. "హక్కు ఉన్నది, సహేతుకమైన పరిమితులు గూడ ఉన్నయ్. ఇగ ఇది అసలు రాజ్యాంగమే" అంటూ సివిక్స్ సారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఎండీ గారు నా పర్మినెంటు కాగితం చేతికిచ్చారు. నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా, నిబంధన తరువాత నిబంధన, నిలబడే చదివాను. మూడేళ్ళ వరకు కంపెనీ విడిచి వెళ్ళకూడదనీ, అంతవరకు నా డిగ్రీ సర్టిఫికెట్లు వారి బీరువాలోనే ఉంటాయనీ అందులో ఉంది. అది కూడా శ్రద్ధగా చదివాను.

"ఏమైనా అభ్యంతరమా?" అని అడిగారు ఎండీ గారు, ముందురోజు నా నోట "కుదరదండి" విన్న భయంతో కాబోలు.

"ఉందండి" అన్నాను. "ఏడో నిబంధన రెండుసార్లు వచ్చింది. రెండోది ఎనిమిది కావాలి."

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని కలం అందించారు. ఏడును ఎనిమిదిగా దిద్ది, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం, అడుగున పొడుగు సంతకం పెట్టి, మా నాన్నగారికి ఉత్తరం రాయడానికి పరుగెత్తాను. ఆ కుర్రవాడు ఇప్పుడు ఎదురుపడితే చెయ్యి పట్టుకుని ఆపాలనే ఉంటుంది. కానీ ఎండలో, బండరాళ్ళ మధ్య, ఇన్‌లాండ్ కవరు కోసం అంత సంతోషంగా పరుగెడుతున్నవాణ్ణి ఆపడానికి నాకు మనసొప్పుతుందా అని అనుమానం.