గడ్డపార దించిన ఇందుమతి మేడం

ఆ ఉదయం గని ఆఫీసుకు బయలుదేరి చెప్పులు తొడుక్కుంటుండగా ఫోను మోగింది. మా ఇల్లందు బస్టాండు వెనుక టిఫిన్ సెంటర్ నడిపే కౌసల్యక్క. "అన్నా, మేడం పోయిందంట. ఖమ్మం దవాఖానాల. పొద్దుగాల్నే" అంది. "ఏ మేడం?" అన్నాను. "మనకెంతమంది మేడంలున్నరన్నా?" అని ఆమె ఏడుపు అందుకుంది. నేను ఒక కాలికి చెప్పుతో గుమ్మంలోనే కూలబడ్డాను. ఆయాసంతో ఆస్పత్రిలో చేరారని తెలుసు. అంతకుముందు వారమే ఫోనులో నాతో పోట్లాడారు కూడా. అంత గట్టిగా పోట్లాడిన మనిషికి ఏమీ కాదనే మొండి ధైర్యంతో ఉన్నాను.

'రాతిగుమ్మం' నవలామాలిక సృష్టికర్త్రి, చరిత్ర అధ్యాపకురాలిగా తరతరాల విద్యార్థులకు కళ్లు తెరిపించిన విదుషీమణి పెండ్యాల ఇందుమతి గారు ఇక లేరు. ఈ వాక్యం రాయడానికి నా కలం మొరాయిస్తోంది. ఆమె మృదుభాషిణి అని ఎవరో ఒక సంతాపంలో రాశారు. మృదుభాషిణి అట! ఆ మహానుభావుడు ఆమెతో ఒక్కసారి వాదనకు దిగి ఉంటే ఆ మాట రాయడానికి సాహసించేవాడు కాదు. ఆమె వాక్కు వాడి గలది, హృదయం విశాలమైనది, పట్టుదల మాత్రం బండరాయి. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఆమే ఊరుకోరు.

తెలియనివారి కోసం చెబుతాను. పురావస్తు శాఖ ఉద్యోగిని విశాల, ఆమె జీపు డ్రైవరు ఖాసిం: ఏళ్ల తరబడి సాగిన ఆ నవలలన్నిటికీ వీళ్లిద్దరే ప్రాణం. ఎక్కడో ఒక పాడుబడ్డ కోట, ఒక శిథిలాలయం. విశాల తవ్విస్తుంటే పైన కాకతీయుల నాటి ఇటుక, కింద నిన్నటి శవం. చరిత్ర జ్ఞానమూ అపరాధ పరిశోధనా ఇంత కమనీయంగా కలిసిన రచనలు నేనెరిగినంతలో మరి లేవు. అందులో పదవ నవల 'వాగు అవతలి నిలువురాళ్లు' శిరోభూషణం. దాన్ని ఆమే స్వయంగా అంగడి నుంచి తప్పించారు. ఇప్పుడు ఆమె స్మృతి చిహ్నంగా దాన్నే మళ్లీ అచ్చు వేస్తామని ప్రచురణకర్త ముందుకొచ్చాడు. హక్కులున్న ఆమె తమ్ముడు, "నాకేం తెల్వదు, అక్క పాఠకులు ఎట్ల అంటే గట్లనే" అని మా నెత్తిన పెట్టాడు. మేం ఏం తేల్చామో చెప్పేముందు ఆ మనిషి ఎలాంటిదో చెప్పాలి.

కొత్త నవల వచ్చినప్పుడల్లా మా కార్మికుల కాలనీ హాలులో 'తీర్పు ఆదివారం' జరిగేది. నిర్వహణ నాది, నియమాలు ఆమెవి. నచ్చనివాళ్లు ముందు మాట్లాడాలి. తర్వాత టీ. నచ్చినవాళ్ల వంతు ఆ తర్వాతే. టీ కాగానే సగం మంది జారుకుంటారు గనుక పొగడ్తలు వినే దిక్కుండేది కాదు. కావాలనే అలా పెట్టారు. ఆమె చివరి బెంచీ మీద కూర్చుని, ఎవరేమన్నా నోరు విప్పకుండా, అంతా ముగిశాక లేచి "విన్నాను" అని ఖమ్మం బస్సెక్కేవారు. ఎందుకమ్మా ఈ శిక్ష అని అడిగితే, "శభాష్ అన్నోడు టీ తాగి పోతడు. కొట్లాడినోడు మళ్ల వస్తడు" అనేవారు. నేను ప్రతిసారీ వెళ్లేవాణ్ణి. ఏ కోవకు చెందినవాణ్ణో వేరే చెప్పనక్కర్లేదు.

మా కౌసల్యక్క ఏ నవలైనా ఆఖరి అధ్యాయం నుంచి మొదలుపెడుతుంది. "చంపినోడెవడో ముందుగాల తెలిస్తే నిమ్మలంగ చదువుకోవచ్చు. లేకపోతే దోసెలు మాడుతయి" అని సభలో నిస్సంకోచంగా ప్రకటించింది. అపరాధ పరిశోధన రాసేవారికి ఇంతకు మించిన అవమానం ఉంటుందా? మేడం "విన్నాను" అని వెళ్లారు. తర్వాతి నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసేశారు. వాడు ఎందుకు చంపాడన్నదే చివరిదాకా రహస్యం. కౌసల్యక్క మళ్లీ లేచింది. "ఇదేంది మేడం, గిట్ల మోసం చేస్తిరి? ఇప్పుడు నేను యాడికెళ్లి సురువు చెయ్యాలె?" అంది. చివరి బెంచీ మీద మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వడం నేను చూశాను.

మరో నవలలో ఖాసింను ఉద్యోగ విరమణ చేయించి మనుమల దగ్గరకు పంపేశారు. ఆ ఆదివారం హాలులో సంతాప సభ కన్నా ఎక్కువ శోకం. ఖాసిం లేని జీపును మేం ఎక్కమని తెగేసి చెప్పాం. మరుసటి నవలలో అతను తిరిగొచ్చాడు. "నేను తీసుకురాలేదు, మీరే తోలుకొచ్చిండ్రు. ఇగ వాని మోకాళ్ల నొప్పులు కూడ మీరే చూసుకోవాలె" అన్నారు బస్టాండులో. నిజంగానే ఆ నవల నిండా ఖాసిం మోకాళ్లు పట్టుకుని మూలుగుతూనే ఉంటాడు. పాఠకుల అభిప్రాయాన్ని ఇంత గౌరవించిన రచయిత్రి, ఇంత కసి తీర్చుకున్న రచయిత్రి కూడా మరొకరు లేరు.

ఇక పదవ నవల. దాని తీర్పు ఆదివారానికి ఎవరికీ పరిచయం లేని ఒక యువతి వచ్చి వెనుక నిలబడింది. నచ్చనివాళ్లు రండి అని నేను అనగానే ఆమె ముందుకొచ్చింది. "నమస్తే. నా పేరు సోమమ్మ. చర్ల అవతల మా గూడెంల అంగన్‌వాడీ టీచర్ను. నవల మంచిగున్నది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవకుండ చదివిన. కానీ మేడం, మీ విశాల పెకిలించిన రాయి మా తాతది" అంది.

ఆ గూడెం కోయవాళ్లు చనిపోయిన తమ పెద్దల కోసం రాళ్లు నిలబెడతారు. మేడం ఒకసారి పర్ణశాల చూసుకుని, అటునుంచి చర్ల వైపు తిరుగుతూ ఆ రాళ్లను చూశారు. నవలలో వాటిని ఏనాటివో చేసి, కింద ఒక రాజుగారి నిధి పెట్టారు. ఊరి పేరు మార్చారు గాని, దారి మాత్రం కళ్లకు కట్టినట్టు రాశారు. ఆమె ప్రతిభే అది. గుప్తనిధుల పిచ్చి పట్టినవాళ్లకు ఆ ప్రతిభ చాలింది. "పేజీ మడతవెట్టి చేతుల వట్టుకొనే వచ్చిండ్రు" అని సోమమ్మ చెప్పింది. "వాగు దాటి, ఇప్పచెట్ల కాడ కుడికి మళ్లిండ్రు, పుస్తకంల ఎట్లున్నదో గట్లనే. మేము చేన్ల ఉన్నం. వచ్చి చూసేసరికి తాత రాయి బోర్లపడి ఉన్నది. గడ్డపారలు ఆడనే ఇడిచి ఉరికిండ్రు." (ఆ గూడెం ఆనవాళ్లు నేనూ ఇక్కడ మార్చే రాశాను.)

మేడం లేచి నిలబడ్డారు. నియమం తప్పడం అదే మొదటిసారి. "నేను రావచ్చునా అమ్మా?" అని అడిగారు. సోమమ్మ కరగలేదు. "పెద్దోళ్లను అడగాలె. రమ్మంటే ఫోన్ చేస్త" అంది. ఆ రోజు టీ ఎవరూ తాగలేదు.

రమ్మన్న కబురు వచ్చాక నేనూ వెంట వెళ్లాను. చర్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి గూడెం కుర్రాళ్ల బండ్లు. మమ్మల్ని దూరంగా చెట్టు కింద కూర్చోమన్నారు. రాయి లేపేది వాళ్లవాళ్లే, మేం చెయ్యి వేయకూడదు. నేను ఫోను తీసి ఫొటో తీయబోతే మేడం నా వైపు చూసిన చూపుకు దాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాను. డోలు మోగింది, రాయి నిలబడింది. అంతా అయ్యాక ఒక పెద్దాయన మా దగ్గరకొచ్చి కోయలో ఏదో అడిగాడు. "ఇంకా ఎవరన్న వస్తే ఏం జెయ్యాలె అంటున్నడు" అని సోమమ్మ తెలుగులో చెప్పింది. మేడం ఆయన కళ్లలోకి చూసి, "ఆ పుస్తకం ఇగ ఎవ్వరికీ దొరకదు. నేను బతికున్నన్నాళ్లే కాదు, ఎన్నటికీ" అన్నారు. సోమమ్మ ఆ మాటను ఆయనకు చెప్పింది. ఆయన తల ఊపాడు.

తిరుగు ప్రయాణంలో భద్రాచలం వచ్చేదాకా నేను ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను. దారి మార్చి రాయండి, బంగారం లాంటి పుస్తకాన్ని ఎందుకు చంపుతారు అన్నాను. "కొత్తది రాంగనే, పాతదాంట్ల ఏమున్నదని వెతుక్కుంటరు. వద్దని ఎందుకు తీసేసిండ్రో అని ఇంకింత ఆసక్తి పుడుతది. మీరు నాకు చరిత్ర చెప్పకండి" అని కసిరారు. మిగిలిన ప్రతులన్నీ వెనక్కి తెప్పించుకున్నారు. బాగా అమ్ముడుపోతున్న పుస్తకాన్ని ఎవరైనా ఆపుకుంటారా అని ప్రచురణకర్త లబోదిబోమన్నాడు. ఆమె పిసరంత కూడా జంకలేదు.

పదకొండవ నవలలో విశాల గడ్డపార దించేసింది. ఊరివాళ్ల ముందు కూర్చుని వాళ్లు చెప్పింది వింటుంది, విని హంతకుణ్ణి పట్టుకుంటుంది. తీర్పు ఆదివారం రణరంగమైంది. తవ్వని పురావస్తు అధికారిణి కథ ఉప్పు లేని పప్పు అని నేనే అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. పాత పాఠకులు చాలామంది రావడం మానేశారు. ఆమె ఎప్పటిలాగే "విన్నాను" అని వెళ్లి, పన్నెండవ నవలలోనూ అదే పని చేశారు. ఖాసిం విషయంలో మాకు లొంగిన మనిషి ఇక్కడ లొంగలేదు. "ఖాసిం మీవాడు. ఆ రాళ్లు మీవి గావు, నావి గావు" అన్నది ఆమె సమాధానం. క్రమంగా చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి కొత్తవాళ్లు రాసాగారు. సోమమ్మ ప్రతిసారీ వచ్చి, మొదటి వరుసలో కూర్చుని, తప్పులు ఏరిపెట్టేది.

మొన్నటి ఆదివారం అదే హాలులో ఆమె సంస్మరణ సభ పెట్టాం. నియమం ప్రకారం నచ్చనివాళ్లు ముందు రండి అన్నాను. ఎవరూ కదల్లేదు. చివరకు కౌసల్యక్క లేచి, "ఒక్క మాట చెప్పకుండ పోయినవు, ఇది నాకు నచ్చలే" అని కూర్చుని ఏడ్చింది. ఖమ్మం నుంచి వచ్చిన అతిథి ఒకరు గద్గద స్వరంతో సోమమ్మ వైపు తిరిగి, మీ గూడెంలో మేడం పేర ఒక రాయి నిలబెడితే ఎంత బాగుంటుందమ్మా అన్నారు. "లేదు సార్. మా రాళ్లు మా ఇంటోళ్లకే. మేడంకు తెలుసు. ఎన్నిసార్లు వచ్చినా ఎన్నడూ అడగలే. అందుకే మా పెద్దోళ్లకు ఆమె అంటే అంత గౌరవం" అంది సోమమ్మ.

అప్పుడు ప్రచురణకర్త తన మాట చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు, మేడం మీద నిజమైన అభిమానం ఉన్నవాడు. "ఆమె పేరు నిలబెట్టేది ఆ ఒక్క పుస్తకమే. అది లేకపోతే మిగతావాటిని చూసి, ఈమె ఇంతేనా అనుకుంటరు. అందరికన్న ఎక్కువ ఆ నవలను మెచ్చుకున్నది మీరే గద అన్నా, మీరే చెప్పున్రి" అని నా వైపు తిరిగాడు.

నిజం. ఆ నవల నాకు కంఠతా వచ్చు. నాకు తెలిసిన గొప్ప నవల అదొక్కటే. అది లేకుండా ఇందుమతి గారి ప్రతిభను లోకం సగమే చూస్తుంది, ఆ అన్యాయం నా గుండెను కోస్తుంది. కాని ఆ చెట్టు కింద ఆమె ఇచ్చిన మాట విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. "వద్దు" అన్నాను. తమ్ముడు తల ఊపాడు. హాలులో ఒక్క చెయ్యి కూడా నా మాటకు ఎదురు లేవలేదు.

అమ్మా, మీ అంతటి కథకురాలిని ఈ గడ్డ మళ్లీ చూస్తుందన్న ఆశ నాకు లేదు. మీ లోటు తీరేది కాదు, తీరుతుందని చెప్పేవాణ్ణి నేను నమ్మను. మీ శ్రేష్ఠ కృతి ఇక ఏ అంగట్లోనూ దొరకదు. ఆ కథ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెబుతాం. ఆ వాగు ఎక్కడుందని అడిగితే మాత్రం, మాకు తెలియదంటాం.