పొలిమేరకు అవతల మా మామ

మా మామ, అంటే నా భర్త తండ్రి, పోయారని మా ఆయన సంగారెడ్డి ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను దేవుని గూట్లో దీపం పెడుతున్నాను. ఏడుపు రాలేదు. మనసులోకి మొదట వచ్చిన మాట ఒక్కటే: ఊరి బయట పోయారు. ఆ మాటే మొదట ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

నేను పదో తరగతి చదివినదాన్ని. భజనలో కూడా పది గొంతుల వెనక దాగి పాడతాను. దినాల రోజు మైకు తెచ్చి "నువ్వు గూడ ఒక మాట చెప్పమ్మా" అంటే తల దించుకుని కూర్చున్నాను. మాట్లాడినవాళ్ళంతా ఆయన టోల్ గేటు మీద కొట్లాడిన వీరుడన్నారు, లారీలకు అడ్డం పడుకున్నాడన్నారు. ఆయన ఏ లారీకీ అడ్డం పడుకోలేదు. ఒక రోజు ఒక చోట నిలబడ్డారు, అంతే. నిలబడడం నేను చూశాను. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా మా ఇంట్లో ఎవరికీ గుండె కుదురుగా లేదు. మైకులో చెప్పలేనిది కాగితం మీదనైనా పెడదామని కలం పట్టుకున్నాను.

నేను కోడలిగా వచ్చేనాటికి మా దిక్కు కంపెనీల పొగ ఇంకా కొత్త. పటాన్‌చెరు వైపు నుంచి గాలి తిరిగితే చేనులో పని చేస్తూనే ముక్కుకు కొంగు కట్టుకునేవాళ్ళం. మామకు రోడ్డు పక్కన కూరగాయల చేను ఉండేది. వాకిట్లోకి వచ్చే ముందు ఒకసారి దగ్గేవారు, నేను కొంగు సర్దుకోవడానికి. నిజంగా దగ్గు పట్టుకున్న రోజుల్లో చివర ఇంకొకటి కొంచెం వేరేగా దగ్గేవారు, ఇది నా కోసమని తెలియడానికి. నేను ఆయన ముందు గొంతెత్తి మాట్లాడింది లేదు. కానీ పేపరు మాత్రం నాతోనే చదివించుకునేవారు. నేను తలుపు చాటున, ఆయన గుంజకు చెయ్యి ఆనించి నిలబడి. "కూసోండ్రి మామా" అంటే, "సదువుతున్నప్పుడు కూసుంటే నిద్రొస్తది బిడ్డా" అనేవారు.

అట్లా ఒకనాడు కొత్త చట్టం సంగతి చదివాను. రోడ్లు వెడల్పు చేసే పని కంపెనీలకు ఇస్తారట, వాళ్ళు గేట్లు పెట్టి బండ్ల దగ్గర వసూలు చేసుకుంటారట. మామ "మల్లొకసారి సదువు" అన్నారు. మళ్ళీ చదివాను. "రోడ్డు ఏసినోడు కంపెనోడు. కింద భూమి ఎవరిదో రాసిండ్రా?" అన్నారు. రాయలేదని చెప్పాను.

కొన్నాళ్ళకు మా రోడ్డు మీదే సున్నం గీతలు పడ్డాయి. గేటు సరిగ్గా మా ఇండ్లకూ మా చేన్లకూ నడుమ వస్తుంది. ఇండ్లు ఈ పక్క, చేన్లు ఆ పక్క. అత్తమ్మ ఆ గీతలు చూసొచ్చి గంప దించకుండానే మొదలుపెట్టింది.

"మన మడికి మనం పోతందుకు చీటీ తెంపుకోవాల్నా? గడ్డిమోపుకు సుత చీటీనా?"

"గడ్డిమోపుకు తెంపరు" అన్నారు మామ. "దాన్ని తెచ్చే బండికి తెంపుతరు."

"గట్లయితే బండొద్దు. నీ నెత్తిన పెడత, మోసుకరా."

మామ నవ్వారు గానీ మరునాటి నుంచి సైకిలు మీద తిరగడం మొదలుపెట్టారు. అటు కంది దాకా, ఇటు రుద్రారం దాకా, రోడ్డు పక్క ఊర్లన్నీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు పెట్టించి అర్జీ ఇచ్చారు. రోడ్డు వద్దని కాదు, గేటు మా శివారు దాటించి అవతల పెట్టండి, చేనుకు పోయేవాళ్ళకు పక్కబాట వదలండి అని. ఆయన తిరిగినన్నాళ్ళూ మాకు దిగులే. మా ఆయన కంపెనీలో పర్మనెంటు కాలేదు. గేటు వద్దన్న వాని కొడుకంటే రేపు పనిలో ఉంచుతారో లేదో. పోలీసు జీపు ఊరి మీదుగా పోతే చాలు, మా వాకిలి ముందు ఆగుతుందేమోనని చేతిలో పని వదిలి తలుపు చాటుకు ఉరికేదాన్ని.

చివరికి సంగారెడ్డి ఆఫీసులో విచారణ పెడతామన్నారు. ఊరి తరఫున వచ్చి అభ్యంతరం చెప్పాలి. ఎవరూ రాకపోతే ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. ఏ రోజు వీలవుతుందని అడిగితే మామే చెప్పారు: "శుక్రవారం పెట్టుండ్రి సారూ. మా పొరగాండ్లకు గా దినమే కంపెనీ సెలవు." అప్పట్లో కరెంటు కోత వల్ల మా దిక్కు కంపెనీలకు ఆదివారం బదులు శుక్రవారం సెలవిచ్చేవారు. ఏ శుక్రవారమో నోటీసు పంపుతామన్నారు.

ఆ నెలలోనే ఊరి పెద్దలు బొడ్రాయి పండుగకు రోజు చూశారు. బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతిన రాయి, ఊరికి బొడ్డు. ఏండ్లకొకసారి చేసే పండుగ. తెల్లవారుజామున బలి అన్నం, దాన్ని పొలి అంటాం, ఊరి శివారు చుట్టూ చల్లుతారు. చుట్టు పూర్తయితే ఊరు కట్టినట్టు. మళ్ళీ పొద్దు పొడిచేదాకా లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. ఊరి గింజ, నీటి చుక్క కూడా దాటరాదు. కట్టు పడేటప్పుడు బయట ఉన్న మనిషిని అమ్మ, అంటే మా గ్రామదేవత, తన లెక్కలో వేసుకోదు. మళ్ళీ పండుగ దాకా ఆ మనిషికి అమ్మ కాపు లేదు. అందుకే ఊరి మనిషన్నవాడు ఆ రోజు ఊర్లో ఉండాలి. పొలికి ముందు వేపకొమ్మ పట్టుకుని నడిచేది మా ఇంటి పెద్ద. ఆ ఏడు మామ. పెద్దల దగ్గర కూడా ఆయన అదే మాట అన్నారు. "శుక్రవారం పెడదాం. పొరగాండ్లకు సెలవుంటది."

ఆడబిడ్డలకు కబుర్లు పోయాయి, మేకలు వచ్చాయి. తరువాత నోటీసు వచ్చింది. తలుపు చాటున నిలబడి చదువుతున్నదాన్ని, తారీకు దగ్గర ఆగిపోయాను.

"ఏందయింది బిడ్డా?"

"మామా, గది మన పండుగ దినం."

ఆయన తల రుమాలు తీసి కింద కూర్చున్నారు. నేను చదువుతుండగా ఆయన కూర్చోవడం అదే మొదలు.

తారీకు మార్చమని ఆఫీసుకు పోతే గుమస్తా, "పండుగే మార్చుకో పెద్దమనిషీ. సారు మల్ల ఈ దిక్కు ఎప్పుడొస్తడో నాకే ఎరుక లేదు" అన్నాడట. పండుగ మార్చమని పెద్దల దగ్గరికి పోతే ఊరి పెద్ద ఎగాదిగా చూశాడు.

"రెండు పెండ్లిండ్లకు ఒక్కటే లగ్గం పెట్టిచ్చినవు గదరా. ఇగ సూడు, ఏ పందిట్ల కూసుంటవో."

అమ్మను అడిగి పెట్టిన రోజు, మారదన్నారు. కంపెనీకి పోయే పిల్లవాడొకడు "నేను పోయొస్త. నాకు అమ్మా లేదు గిమ్మా లేదు" అన్నాడు. వాని తల్లి అక్కడే ఉంది. వీపు మీద ఒకటి వేసి, "నేను సచ్చిన్నారా?" అంది. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ఒకరు పోతే వాళ్ళకు కాపు పోతుంది. ఎవరూ పోకపోతే గేటు ఇండ్లకూ చేన్లకూ నడుమ కూర్చుంటుంది. ఈ రెండిట్లో ఏదీ ఎవరి బిడ్డకు చెప్పదగినది కాదు.

పండుగ ముందు రోజు సాయంత్రం నేను పసుపు నూరుతుంటే ఆయన వాకిట్లోకి వచ్చి దగ్గారు. భయమైతున్నది మామా అన్నాను, ఎప్పుడూ అననిదాన్ని.

"భయం గొడ్డసొంటిది బిడ్డా. ఇంట్ల కట్టేస్తే మేత అడుగుతది. బయటికి తోల్కపోతే అదే మేసుకుంటది" అన్నారు. నోటీసు అడిగి తీసుకుని మడిచి రుమాలులో పెట్టుకున్నారు. ఎందుకని నేను అడగలేదు. రేపు అమ్మ దగ్గర పెట్టి మొక్కుతారేమో అనుకున్నాను.

తెల్లవారుజామున పొలి బయలుదేరింది. ముందు వేపకొమ్మతో మామ, వెనక పొలి చల్లే బైండ్లాయన, మా అమ్మ పూజారి, ఆ వెనక డప్పులు. శివారంతా తిరిగి, ఎక్కడ మొదలైందో అక్కడికే, రోడ్డు మీది కల్వర్టు దగ్గరికి వచ్చారు. మేము ఆడవాళ్ళం నీళ్ళ బిందెలతో అక్కడ నిలబడి ఉన్నాం. ఇంకొక్క పిడికెడు చల్లితే చుట్టు కలుస్తుంది. మామ వేపకొమ్మను ఊరి వైపు నేలకు ఆనించి, తాను రెండడుగులు వేసి కల్వర్టు అవతల నిలబడ్డారు.

బైండ్లాయన పిడికిలి గాలిలోనే ఆగింది. "పటేలా, ఇటు రా. నువ్వు అవుతలున్నవు."

"ఉండని. నువ్వు సల్లు."

"అమ్మ లెక్కల ఉండవు పటేలా."

"ఊరుంటది గద. కట్టు పడ్డంక దాటితే తప్పు. నేను దాటుతలేను, ముందుగాల్నే అవుతలున్న. సల్లు."

డప్పులు ఆగిపోయాయి. బైండ్లాయన అత్తమ్మ వైపు చూశాడు. ఆమె తిడుతుందని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం, "తిని పోతివి కాదు" అంది. అంతే. పిడికెడు అన్నం ఆయన కాళ్ళ ముందు పడింది. ఆయన ఆ గీతకు దండం పెట్టి, రుమాలు సర్దుకుని, సంగారెడ్డి బస్సు ఆగే వైపు నడిచారు.

ఆ రోజు ఊర్లో పండుగ జరిగింది. ఏం వండానో, ఎవరికి వడ్డించానో నాకు తెలియదు. అక్కడ ఎవరైనా కొట్టారా, ఎక్కడైనా కూర్చోబెట్టారా, అసలు లోపలికి రానిచ్చారా, చెప్పేవాళ్ళు లేరు. కట్టిన ఊర్లోకి కబురు ఎట్లా వస్తుంది? అత్తమ్మ బొడ్రాయి దగ్గర కొంగు పరిచి కూర్చుని లేవలేదు.

పొద్దు వాలుతుండగా ఎవరో పిల్లలు వచ్చి, తాత కల్వర్టు అవతల కూర్చున్నాడని చెప్పారు. నేను రొట్టెలు కొంగులో వేసుకుని ఉరికాను. గీత దాకా పోయాక గుర్తొచ్చింది, ఊరి గింజ దాటరాదని. ఆయన అవతల, నేను ఇవతల, కొంగులో రొట్టెలు వేడిగా. రోడ్డున పోయే బండ్లకు ఏ కట్టూ లేదు, పక్కనుంచి లారీలు పోతున్నాయి. నా వెనక ఊరి ఆడవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు.

"మామా, ఏమన్నరు?"

"ఇనబడుతలేదు బిడ్డా. గట్టిగ."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఏమన్నరు మామా?"

"రాసుకున్నరు."

"ఒప్పుకున్నరా?"

"నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నరు. సదివిచ్చి ఇన్న" అన్నారు. కాస్త ఆగి, "నిలబడే ఇన్న" అన్నారు.

"తిన్నరా?"

"చాయ్ తాగిన. నువ్వు ఇంటికి పో, మీ అత్తకు చెప్పు."

నేను పోలేదు. మసక చీకటి పడేదాకా అట్లాగే నిలబడ్డాను. ఆయన పొద్దు పొడిచాక వచ్చారు. వాకిట్లో ఆగి, ఎప్పటిలాగే దగ్గారు.

గేటు కట్టినప్పుడు మా శివారు అవతలే కట్టారు. చేన్లకు పక్కబాట వదిలారు. అన్ని ఊర్లకూ అట్లా జరగలేదు. చట్టం చట్టంగానే ఉంది, గేట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మా మటుకు మా ట్రాక్టర్లు చేనుకు ఎవరినీ అడగకుండా పోతున్నాయి.

కానీ మామకు కాపు లేదు. ఆ తరువాత ఆయనకు జ్వరం వచ్చినా, సైకిలు జారినా, పాము కనబడినా అత్తమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. నేను ప్రతి మంగళవారం ఆయన పేరు మీద ఉపవాసం ఉన్నాను. ఆయనకు తెలుసు. "నీ ఉపాసానికి అమ్మకు ఆకలైతది" అని ఎగతాళి చేసేవారు. అయినా ఊరి పూజల్లో ఆయన ముందు వరుసలోకి వచ్చేవారు కాదు. చెప్పుల దగ్గర నిలబడి ప్రసాదం చివర తీసుకునేవారు. వచ్చే ఎండాకాలం మళ్ళీ బొడ్రాయి పండుగ ఉంది. "అప్పుడు లోపలుంట" అనేవారు. అంతలోనే పోయారు. అదీ ఊరి బయట.

ఆస్పత్రి బండి కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి పెద్దలు నిలబడి ఉన్నారు. లెక్కలో లేని మనిషి, బయట పోయిన మనిషి, ఊర్లోకి తేవచ్చా? ముసలివాడైన బైండ్లాయన కట్టె ఊతంగా వచ్చాడు. "కట్టు నేనేసిన. ఇంటోళ్ళు సాక పోసి పిలిస్తే వస్తడు" అన్నాడు. సాక అంటే పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు. అత్తమ్మ బండిలో ఆయన తల పక్కనే కూర్చుని ఉంది. "నా గొంతు పోయింది. నువ్వు పిలు బిడ్డా" అంది.

ఆ రోజు పొలి పడినచోట రోడ్డుకు అడ్డంగా సాక పోశాను. లారీల మోత. పెద్దలంతా చూస్తున్నారు. కొంగు సర్దుకున్నాను.

"మామా, లోపలికి రాండ్రి."

బైండ్లాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగమ్మా" అన్నాడు. గట్టిగా పిలిచాను.

ఇవి చదివే మా ఇంటివాళ్ళకూ, ఆయనను ఎరిగిన నలుగురికీ ఒక మనవి. ఆయన లెక్కలో ఉన్నాడా లేడా అని మా ఊరి అరుగుల మీద ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. ఈ కాగితాలు వాళ్ళ చేతికి ఇవ్వకండి, ఫ్లెక్సీల మీదికి ఎక్కించకండి. దేవుని గూట్లో దీపం కింద పెట్టి ఉంచండి, చాలు.

నాకైతే ఆ సాక గీతే కండ్లలో ఉంది. మా బండి దాని మీదుగా ఊర్లోకి వచ్చింది. వెనకనే చేనుకు పోయే ఒక ట్రాక్టరు, తరువాత కంపెనీ బస్సు. ప్రతి చక్రమూ కొంచెం తడి పట్టుకుని పోయింది. వెనక్కి తిరిగి చూస్తే పసుపు చారలు ఇటు ఊరి దాకా, అటు చేన్ల దాకా ఉన్నాయి.