మేష్టారి సంఖ్య

మా మేనత్త ఇత్తడి పేరుపలకలు చెక్కుతుంది. మంచి మనిషే, కానీ పగబట్టడంలో పాము కూడా ఆవిడ దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

ఆవిడకు పద్నాలుగేళ్లప్పుడు లెక్కల మేష్టారు బోర్డు మీద 1022117 అని రాసి, ఇది ప్రధాన సంఖ్యో కాదో వారంలో తేల్చమన్నారు. తేల్చినవాళ్లలో ఒకరిని పట్నంలో పెద్ద బడికి పంపుతారట. అత్తకు ఆ బడి మీదే ప్రాణం.

ఏ సంఖ్యనైనా తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. పది లక్షలకు వర్గమూలం వెయ్యి. వెయ్యి లోపు నూట అరవై ఎనిమిది ఉన్నాయి. అత్త అన్నిటితోనూ భాగించింది. ప్రతిసారీ శేషం మిగిలింది, గడువు మాత్రం మిగల్లేదు.

"ఇంకొక్క రోజు ఇవ్వండి మేష్టారూ. ఇది పది లక్షలు దాటింది కదా, వర్గమూలం కూడా వెయ్యి దాటుతుంది."

"వెయ్యి దాకా చూశాక ఇంకేం చూస్తావే? నేను చూశాను, ఇది ప్రధాన సంఖ్యే. అంకెలు చెక్కడం మీ ఇంటి పని. వాటితో ఆలోచించడం మీవల్ల కాదు."

ఆ సాయంత్రమే అత్త 1009తో భాగించింది. సరిగ్గా 1013 సార్లు పోయింది, శేషం సున్నా. మేష్టారు వెయ్యి దగ్గరే ఆగి పప్పులో కాలేశారు. మర్నాడు కాగితం తీసుకెళితే చదవకుండానే చింపేశారు. పెద్ద బడికి గుమాస్తాగారబ్బాయి వెళ్లాడు. అత్త మా తాతయ్య పక్కన కూర్చుని ఉలి పట్టింది.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు మేష్టారు ఆ సంఖ్యను సొంత ఆస్తిలా చూసుకున్నారు. "నన్నూ దీన్నీ ఎవడూ విడగొట్టలేడు" అని ప్రతి తరగతిలోనూ అనేవారు. ఆయన చెప్పాక మళ్లీ భాగించి చూసేదెవరు?

"ఎవరికైనా చెప్పాల్సింది అత్తా" అన్నాను ఒకసారి.

"అప్పుడు చెబితే ఒక గది నవ్వి మర్చిపోయేది. నాకది చాలదురా."

మేష్టారు రిటైరయ్యే ఏడాది శిష్యులు మా కొట్టుకే వచ్చారు. బడి హాలు గోడకు పలక కావాలి, ఆయన పేరు, దాని కింద ఆ సంఖ్య. అత్త నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కొలతలు రాసుకుంది.

వీడ్కోలు సభ రోజు పలక మీది తెర లాగారు. సంఖ్య కింద ఇంకో వరుస ఉంది: = 1009 × 1013. ముందు వరుసలోవాళ్లు ఫోన్లు తీసి గుణించారు. ఒక మూల మొదలైన నవ్వు హాలంతా పాకింది. నాకు జాలేసింది. అత్తకు వెయ్యలేదు, ఆ నవ్వును కళ్లు మూసుకుని విన్నది.

మేష్టారు వేదిక దిగి మా దగ్గరికొచ్చారు.

"ఇది ఎప్పుడు కనుక్కున్నావమ్మా?"

"మీరు నా కాగితం చింపడానికి ముందు రోజు."

ఆయన పలక వైపు ఒకసారి తిరిగి చూశారు. "తప్పు నాదే. మైకులో చెబుతాను. ఆ పలక మీద నా పేరు పక్కన నీ పేరు కూడా చెక్కు తల్లీ."

ఇన్నేళ్లుగా అత్త కోరుకున్నది ఇదేననుకుని ఆవిడ వైపు చూశాను.

"మీ పేరు పక్కన నా పేరు వద్దు మేష్టారూ" అంది. "ఆ గోడ మీద మీరొక్కరే ఉండండి."