తువ్వాల కింద సెంటర్ ఫార్వర్డ్

మొన్న ఆదివారం ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ల వీధి మొదట్లో ఉన్న టీ బంకు దగ్గర నిలబడి, గ్లాసులో టీ కన్నా నురగ ఎక్కువగా ఉన్నందుకు లోలోపల కుమిలిపోతూ ఉండగా, బంకులోని టీవీ ఉన్నట్టుండి గొంతు పెంచింది. ఎక్కడో యూరప్‌లో ఒక జట్టు ఇంకో జట్టు దగ్గర ఒక ఫుట్‌బాల్ ఆటగాణ్ని కొనిందట. ఆ ధర పెడితే మా కడప జిల్లాను పెన్నానదితో సహా కొనుక్కుని, మిగిలిన చిల్లరతో ఆ వీధిలోని బంగారమంతా మూట గట్టుకుని పోవచ్చు. పక్కన టీ తాగుతున్న నగల అంగడి శెట్టిగారు బతుకంతా తూకాలు వేసిన మనిషి. టీవీలో కనపడుతున్న ఆ కుర్రాణ్ని కింది నుంచి మీది దాకా ఒకసారి తేరిపార చూసి, "మనిషిని కొంటారా అప్పా? తరుగు గిరుగు తీస్తారా?" అని నన్నడిగారు.

నవ్వబోయి టీ చొక్కా మీద పోసుకున్నాను. తరుగు సంగతి నాకు తెలియదు గానీ, మా ఇంట్లో ఒక మనిషిని రెండుసార్లు కొన్నారు. మూడోసారి మా మామే స్వయంగా బేరానికి పోయాడు. ఆ బేరానికి సాక్షిని నేనే.

మా మామ అంటే నాకు పిల్లనిచ్చిన మామ. జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున పల్లె. తరతరాలుగా సేద్యం, దాంతోపాటు పందెపు ఎద్దులు. బండలాగుడు పందేల్లో ఆయన ఎద్దులు లాగని బండ రాయలసీమలో లేదు. గండికోట కొండ ఇంకా ఉన్నచోటే ఉందంటే, దానికి గొలుసు కట్టాలని ఎవరికీ తోచకపోవడమే కారణమని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. కొత్తల్లుడిగా మొదటిసారి పోయినప్పుడు పొద్దున్నే లేచి చూస్తే నడవలో పెద్ద పళ్లెం, అందులో ఉడికించిన కోడిగుడ్లు, ఖర్జూరాలు, నానబెట్టిన బాదంపప్పులు. అల్లుడి మర్యాద అంటే ఇట్లా ఉండాలి అనుకుని చెయ్యి చాచాను. మా అత్త నా చేతిని మెల్లగా పక్కకు జరిపి, పళ్లెం ఎత్తుకుని ఎద్దుల కొట్టంలోకి పోయింది. నాకు సంగటి, ఊరుబిండి వచ్చాయి. బాగానే ఉన్నాయి. ఎద్దులు మాత్రం ఆ రోజంతా నన్ను జాలిగా చూశాయి.

ఎద్దుల వ్యాపారంలో మా పక్క కొన్ని పద్ధతులున్నాయి. సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద ఒక తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని నొక్కుతారు. ఆ నొక్కుడే మాట. చుట్టూ ఊరంతా నిలబడినా ధర ఆ రెండు చేతులకు తప్ప మూడో ప్రాణికి తెలియదు. బేరం కుదిరితే అమ్మినవాడు ఎద్దును ఇస్తాడు గానీ, ఇంటి లక్ష్మి పోతుందని మెడలోని పలుపుతాడు ఇవ్వడు. కొత్త పలుపు కొన్నవాడే తెచ్చుకోవాలి. ఉత్తగా ఇచ్చే ఎద్దును మాత్రం మర్యాదస్తుడెవడూ తోలుకుపోడు. ఉత్తగా ఇస్తున్నారంటే దాని పని అయిపోయిందని అర్థం. వీటన్నిటి మీద మా మామ సొంతంగా పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది: తన కొట్టంలో పుట్టినదాన్ని ఆయన జన్మలో అమ్మలేదు.

ఆయన చివరి కొడుకు, అంటే నా బావమరిది, ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. ఎద్దుల ఇంట్లో ఇది ఎట్లా జరిగిందంటే, తప్పంతా పెన్నదే. పెన్నలో నీళ్లు వచ్చేది ఏడాదికి నాలుగు రోజులు. మిగిలిన రోజులన్నీ అది భూగోళం మీదకెల్లా పెద్ద ఆటస్థలం. జమ్మలమడుగు పాత మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మలయాళీ ఒకాయన, కదలని ఎముకలను చూసి చూసి విసుగెత్తి, సాయంత్రాలు ఒక బంతి తెచ్చి ఇసుకలో పిల్లల్ని పరుగెత్తించేవాడు. మోకాటిదాకా దిగబడే ఇసుకలో పరుగెత్తినవాడు గట్టి నేల మీద కాలు పెడితే ఇంకేముంది, గాలిలో తేలతాడు. మావాడు ఎడమకాలితో జమ్మలమడుగులో బంతి కొడితే మైదుకూరులో నాట్లు వేసే ఆడవాళ్లు తలలు వంచుకునేవాళ్లు. నాట్లు వేసేవాళ్లు ఎట్లాగూ వంగే ఉంటారు కదా అని మా ఆవిడ అంటుంది. ఆమెకు తమ్ముడి గొప్పతనం తెలియదు.

వాణ్ని గోవా జట్టు తీసుకుంది. జీతమిచ్చి ఆడిస్తారంటే మా మామ మొదట నమ్మలేదు, తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి మావాడు సెంటర్ ఫార్వర్డ్‌గా ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, కలకత్తా జట్టు కన్ను వాడి మీద పడింది. ఒకరోజు నేను పల్లెకు పోయినప్పుడు పేపరు తీసి గొంతు సవరించుకుని ఆ వార్త చదివాను. 'కలకత్తా జట్టు కొనుగోలు చేసింది' అని ఉంది.

ఎద్దు వీపు రుద్దుతున్న మా మామ చెయ్యి ఆగిపోయింది. "ఎవురు అమ్మింది?" అన్నాడు.

గోవా వాళ్లు, అన్నాను.

"వాల్లదెట్లయితాది? పెంచింది నేను. నేను యాడా తువ్వాల పట్టుకోలేదే."

కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పి ఒప్పించే నేను ఆ రోజంతా ఆయనకు చెప్పి చూశాను. ఫోన్లో కొడుకూ చెప్పాడు, అది అమ్మడం కాదు, ఒప్పందం మారుతుందంతే అని. మా మామ ఫోను చెవి దగ్గర కాకుండా ఎదురుగా, అద్దం పట్టుకున్నట్టు పట్టుకుని విన్నాడు. "కాగితం ఎద్దుకూ రాస్తారు లేరా," అన్నాడు. "పరాయోల్ల పలుపు మెడకేసుకోని నువ్వు ఆడే ఆట నేను సూడను. ఇంటికొచ్చినాక ఆడు, కూచోని సూస్తా."

అన్నమాట అన్నట్టే చేశాడు. మావాడి ఆట టీవీలో వస్తే ఊరంతా ఆ ఇంట్లో కూర్చునేది, ఆయన మాత్రం పోయి ఎద్దుల కొట్టంలో కూర్చునేవాడు. మావాడు గోలు కొడితే లేచే అరుపులకు పెన్నలో ఇసుక కదిలేది. కలకత్తాలో వాడి పేరు పెట్టి చేపల పులుసు అమ్మారట. మేం ఎవరం తినలేదు గానీ నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత బెంగళూరు జట్టు కొనింది. అప్పుడూ ఆయన చూడలేదు. ఆట అయిపోయాక గోడ అవతల నుంచి ఎప్పుడూ రెండే ప్రశ్నలు వచ్చేవి: "ఏం మేపుతాండారంట? కాళ్లకు నూనె పట్టిస్తాండారా?" పట్టిస్తున్నారు మామా అని నేను ఇవతల నుంచి అరిచేవాణ్ని. పండగకు సెలవు దొరికి మావాడు ఇంటికొస్తే, తండ్రి వాడి ముఖం కన్నా ముందు కాళ్లు చూసేవాడు. నాయ్న ఎప్పటికైనా ఒక్కసారి వచ్చి చూస్తే చాలు బావా అని నాతో అంటుండేవాడు వాడు. స్టేడియం నిండా జనం లేచి నిలబడి అరుస్తున్నా, ఖాళీగా కనపడేది నాయ్న కూర్చోవాల్సిన ఆ ఒక్క కుర్చీయేనట.

తర్వాత మోకాలు పోయింది. ఎవరో అడ్డం పడ్డారు, లోపల నరమేదో తెగింది, ఆపరేషన్ అయింది, మళ్లీ అయింది. చివరకు జట్టు వాణ్ని విడుదల చేసింది. ఫోన్లో వాడి గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "పొమ్మన్నారు బావా. నాయ్నకు చెప్పొద్దు. నేను ఇంటికి రాను. ఆడేటప్పుడు సూడనోడు కుంటేటప్పుడు సూడాల్నా?"

నేను చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది. మా మామ నన్ను పిలిపించి అడిగింది ఒకటే, వాణ్ని ఇప్పుడు ఎవరైనా అడుగుతున్నారా అని. లేదు మామా అన్నాను. ఆయన కొట్టం వైపు చూశాడు.

"కాలు పోయినాక సంతలో అడిగేటోల్లు యేరే ఉంటారు అల్లుడా. వాల్లు రాకముందే పోయి తోలుకొద్దాం, పా."

తెల్లచొక్కా వేసుకున్నాడు. భుజాన ఉతికిన తువ్వాల, చేతిలో సంచి. బెంగళూరు బస్సులో ఆ సంచి ఒళ్లో నుంచి దించలేదు. జట్టు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి విప్పించాడు. లోపల తమలపాకులు, ఒక టెంకాయ, కొత్త పలుపు. ఎన్నో సంచులు వెదికిన మనిషి అతను. ఆ పలుపును చేతిలోకి తీసుకుని, ఇది ఏ చట్టం కిందికి వస్తుందో తేలక నా ముఖం చూశాడు. సరిగ్గా అప్పుడే, జట్టు ఇచ్చిన గది ఇంకా ఖాళీ చెయ్యని మావాడు చంకలో కర్రతో లోపలి నుంచి వచ్చాడు. తండ్రిని చూశాడు, పలుపును చూశాడు. కోపంగా ఉండాలని గట్టిగానే అనుకుని ఉంటాడు. కానీ నవ్వొచ్చేసింది. ఆపరేషన్ తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారని ఆ సెక్యూరిటీ అతనే చెప్పాడు.

మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. మేం వచ్చిన పని నేను నీళ్లు నములుతూ చెప్పాను. అతను ఇంగ్లీషూ కన్నడమూ కలిపి, మీరు ఏమీ ఇవ్వక్కర్లేదు, మీ అబ్బాయి ఫ్రీ అన్నాడు. ఫ్రీ అనే మాట మా మామకు తెలుసు. వెనక గోడకు ఆనుకున్న మావాడు తల దించుకున్నాడు.

"ఉత్తగా ఇచ్చేదాన్ని మేము తోలుకపోము అప్పా," అన్నాడు మా మామ. "నా కొడుక్కు ధర లేదని ఈ వయసులో నాకు చెప్పొద్దు." అని, తువ్వాల తీసి బల్ల మీద తన చేతికి కప్పుకుని, చెయ్యి ముందుకు చాపాడు.

ఆ గదిలోని కంప్యూటర్లు కూడా సిగ్గుపడ్డాయని నాకు అనిపించింది. నేను లేచి ఏదో సర్దిచెప్పబోయాను. కానీ మేనేజరు నన్ను చూడటం లేదు. ఆ తువ్వాలనే చూస్తున్నాడు. తన తాత మండ్య పక్కన ఏదో పల్లెలో ఎద్దులు పెంచేవాడని, చిన్నప్పుడు జాతరల్లో ఈ తువ్వాల బేరాలు చూశానని మెల్లగా కన్నడంలో చెప్పాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, వాచీ విప్పి పక్కన పెట్టి, తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చాడు.

తువ్వాల కదిలింది. మా మామ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదిలింది. "శానా ఎక్కువ సెప్తాండావప్పా," అన్నాడు. మేనేజరు తగ్గలేదు. నా అంచనాలో ఆ బేరం ఒక యుగం నడిచింది. నిజానికి బల్ల మీది కాఫీ చల్లారేంత సేపు నడిచి ఉంటుంది. చివరకు మా మామ నుదుటి చెమటను రెండో చేత్తో తుడుచుకుని, సరే అన్నట్టు తలాడించాడు. తమలపాకులు, టెంకాయ మేనేజరు చేతిలో పెట్టాడు. ఇద్దరూ దండం పెట్టుకున్నారు. అసలు ధర ఇవ్వడం అనే మాట ఎవరూ ఎత్తలేదు. అది ఇచ్చే ధర కాదని ఆ గదిలో లెక్కల మాస్టారికి తప్ప అందరికీ తెలిసినట్టుంది. గోడ దగ్గర మావాడు తల ఎత్తి నిలబడ్డాడు. పలుపు ఎవరూ ఎవరికీ కట్టలేదు, సంచిలోనే ఇంటికొచ్చింది.

ఇక ఆట. వాడు ఇంటికైతే వచ్చాడు, కానీ చూస్తానన్న ఆట ఏదీ? ఏడాది పాటు మా మామ పందెపు ఎద్దుకు చేసిన సేవలన్నీ కొడుక్కు చేశాడు. వేడినీళ్లు, నూనె, పొద్దున్నే ఆ పెద్ద పళ్లెం. ఈసారి అందులో నాకూ ఒక గుడ్డు దొరికింది. కర్ర పోయింది, కుంటినడక సగం పోయింది. అప్పుడు పులివెందులలో కుర్రాళ్ల పోటీలు పెట్టి, ఫైనల్స్‌కు మావాణ్ని అతిథిగా పిలిచారు. జమ్మలమడుగు జట్టు పిల్లలు బతిమాలితే చివరి పది నిమిషాలకు వాడు బూట్లు వేసుకున్నాడు.

మా మామ ముందు వరుసలో కూర్చున్నాడు. మైదానం పక్కన కూర్చుని కొడుకు ఆట చూడటం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. మావాడు పరుగెత్తలేదు, నడిచాడు. చుట్టూ పిల్లలు పరుగెత్తుతుంటే మధ్యలో పెద్దెద్దు లాగా నడిచాడు. ఒకసారి తిరగబోయి మోకాలి మీద పడ్డాడు. నేను లేచాను. మా మామ నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. బండలాగేటప్పుడు ఎద్దు పడితే యజమాని ముట్టుకోకూడదు, దానంతట అదే లేవాలి. ఆయన వేళ్లు నా చొక్కా గుండీ ఊడేదాకా వదల్లేదు. వాడు లేచాడు. కాసేపటికి బంతి ఎడమకాలి ముందుకు వచ్చింది. కొట్టాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. బంతి పోయి గోలు పైకొయ్యకు తగిలి తిరిగొచ్చింది. ఆ కొయ్య పులివెందులలో ఇంకా సన్నగా వణుకుతూ ఉంటుందని నా నమ్మకం.

అయ్యో అన్నారు జనం. మా మామ ఒక్కడే తొడ మీద చరుచుకుని, "వల అంత పెద్దది పెట్టినారు, దాంట్లోకి ఎవుడైనా కొడ్తాడు. సన్నకట్టెకు కొట్టినాడు సూడు," అన్నాడు. నేను సరిదిద్దలేదు.

తిరుగు దారిలో ముద్దనూరు దగ్గర టీకి ఆగాం. మా మామ పొద్దున్నుంచీ భుజాన ఉన్న తువ్వాల తీసి, పక్కన కూర్చున్న కొడుకు చేతి మీద కప్పి, దాని కిందికి తన చెయ్యి పెట్టాడు. తువ్వాల కొంచెం కదిలింది. ఆ ఇంట్లో పుట్టినవాడు కదా, మావాడికి ఆ భాష వచ్చు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మాని, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని వచ్చే పోయే లారీలను చూశాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. బెంగళూరులో మేనేజరు చెప్పిన ధరా, ఈ రోజు ఆట చూసి మీరు కట్టిన ధరా అని ఉండబట్టలేక నేనడిగాను. "బేరం మధ్యలో అడగగూడదు అల్లుడా," అన్నాడు మా మామ.

ఇప్పుడు మావాడు పెన్న ఇసుకలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. కొట్టంలో ఎద్దులు ముసలివై ఒక్కొక్కటిగా పోయాయి. మా మామకు చూపు మందగించింది, ఒడ్డున కూర్చుని చప్పుడును బట్టి ఎవడు కొట్టాడో చెబుతాడు. ఆ కొత్త పలుపు, ఒక్క ముడి కూడా పడకుండా, మావాడి పతకాల పక్కన మేకుకు వేలాడుతోంది.

టీవీ ఇంకా ఆ ధరను అరిచి చెబుతూనే ఉంది. తరుగు ఎంత తీస్తారో చెప్పలేదేమప్పా అని శెట్టిగారు మళ్లీ అడిగారు. ఎద్దుకూ, మోకాలికీ, మా మామ చూపుకూ కాలం తన తరుగు ఇప్పటికే తీసేసింది. తువ్వాల కింద చెప్పిన ఆ ఒక్క ధర మాత్రం పైకి వినపడలేదు గనక, దాంట్లో తరుగు తీయడానికి కాలానికి ఇంకా దారి దొరకలేదు.