అద్దం అంచున బొట్టు

ఎన్నూరు పోయే లోకల్ రైల్లో ఎదుటి సీటాయన ఒళ్లో, కారులో వెనక చూసుకునే అద్దాలు రెండున్నాయి. కొలతకని తీసుకెళ్లిన పాతదొకటి, కొన్న కొత్తదొకటి.

"వెనకనుంచి లారీ లైటు పడితే ఇది దానంతటదే నల్లబడతాదమ్మా. మాది పాత కారే, అయినా బిగిస్తా. మా ఇంటామె పొద్దుగూకినాక ఎన్నూరు లారీల రోడ్డు మీదనే కారు తోలుకొస్తాది."

పాత అద్దం అంచునున్న స్టిక్కర్ బొట్టును గోటితో మెల్లగా లేపి, కొత్తదానికి అదే చోట అంటించాడు.

"ఈడ లేకుంటే ఎతుక్కుంటాది."

నేను చూడనైనా చూడని వాళ్లావిడ మీద నాకు ఒళ్లు మండింది. నేనూ ఆ లారీల ముందే కారు నడుపుతాను. అద్దంలో లైట్లకు కళ్లు మండుతున్నాయంటే మా ఆయన, "నువ్వు ముందుకు చూడు" అంటారు.

ఇంటికెళ్లగానే మా కారు అద్దానికి నా బొట్టొకటి అంటించాను. ఆదివారం కారు కడుగుతూ మా ఆయన దాన్ని గీకేసి, "ఇదెవరు అంటించారు?" అన్నారు.